మూడో సైకిల్

ముక్కు విషయంలో నాతో ఎవరూ పందెం కాయకండి. కైకలూరులో బస్సెక్కించి కళ్ళకి తువ్వాలు కట్టండి. కిటికీలోంచి కొట్టే గాలిని బట్టి ఇది మండవల్లి, ఇది ముదినేపల్లి, ఇదిగో గుడివాడొచ్చింది దిగండి అని వరసగా చెబుతాను. ఏ చెరువులో మేత ఎక్కువై నీళ్ళు పాడయ్యాయో, ఏ రైతు పెళ్ళాంతో పోట్లాడి గట్టు మీదే పడుకున్నాడో కూడా చెబుతాను. ఒకసారి పామర్రు దగ్గర, "కండక్టరు గారూ, మీ క్యారేజీలో రొయ్యల కూర నిన్నటిది, తినకండి" అంటే ఆయన బస్సాపి నాకు దణ్ణం పెట్టాడు.

అలాంటి ముక్కు పెట్టుకుని చెబుతున్నాను. గుణదల కొండ వాలులో, మెట్ల పక్కనున్న ఆ రెండు గదుల ఇంట్లో పోయినవారం మనం సుధామణిని నిలబెట్టి వచ్చేశామే, ఆ వంటింటి వాసన నేను పుట్టి బుద్ధెరిగాక ఎక్కడా ఎరగను.

సంగతి ఎక్కడిదాకా వచ్చిందో ఒకసారి చెప్పేసి ముందుకి పోదాం. సుధామణి మొగుడు కోటి. ఆక్వా మందుల కంపెనీలో రిప్రజెంటేటివ్. బుల్లెట్ మీద చెరువు గట్లన్నీ తిరిగి, రొయ్య త్వరగా బలిసే పొడులు రైతులకి అంటగడతాడు. రెండేళ్ళ కిందట ఆ పిచ్చి తన ఒంటికే ఎక్కి జిమ్ములో చేరాడు. ఇప్పుడు పామర్రు సెంటర్లో చొక్కా లేకుండా జిమ్ము ఫ్లెక్సీలో నిలబడి, వచ్చేపోయే బస్సులకి కండలు చూపిస్తుంటాడు. పెళ్ళై నాలుగేళ్ళయినా వాళ్ళకి పిల్లల్లేరు. సుధామణికి పరీక్షలన్నీ చేసి ఏ లోపమూ కనపడక, "గురువారం పొద్దున మత్తిచ్చి, పొట్టలోకి కెమెరా పెట్టి చూద్దాం" అంది డాక్టరమ్మ. కోటి చేయించుకోవాల్సిన పరీక్షకి మాత్రం ప్రతిసారీ ఏదో ఒకటి అడ్డమొచ్చింది. ఒకసారి కంపెనీ మీటింగు. ఇంకోసారి బుల్లెట్ పంచరు. బుల్లెట్ పంచరైతే మనిషి పరీక్ష ఎందుకాగిందని అడిగే తెలివి ఆ రోజు ఎవరికీ లేకపోయింది.

ఇవాళ బుధవారం.

కోటి తల్లి పెద్దింట్లమ్మ తెల్లారేసరికి బస్సు దిగింది. కొల్లేటి ఒడ్డు మనిషి. రేపు ఆపరేషనయ్యే కోడలికి పులుసు పెట్టాలని ప్లాస్టిక్ బకెట్లో బతికున్న కొరమేనుని తెచ్చింది. మెట్లన్నీ ఎక్కి, బకెట్టు దించి, వంటింటి గుమ్మంలో అడుగు పెట్టి, ముక్కు మీద కొంగు వేసుకుంది.

"ఏందే ఈ కంపు? ఎలక చచ్చిందా?"

"మీ అబ్బాయి టిఫినత్తా" అంది సుధామణి.

మిక్సీ జారులో ఉప్పూ కారం లేకుండా ఉడికించిన కోడిమాంసం, నీళ్ళు పోసి తిప్పేసి ఉంది. బూడిదరంగు గుజ్జు. అందులో సగం కోటి కడుపులోకి పోయింది, సగం అంచులకి అట్టకట్టింది. పక్కనే నిన్న రాత్రి పౌడరు కలుపుకు తాగి, కడక్కుండా మూత బిగించి పెట్టిన షేకరు. దాని మూత తీస్తే చాక్లెట్టు పూసిన పాచి పాలగిన్నెలా ఉంటుంది. సింకులో పచ్చసొనల కుప్ప. కోటి తెల్లసొన మాత్రం తింటాడు. పచ్చసొనలు మొదట్లో పిల్లులు తినేవి. ఇప్పుడు ఆ వీధి పిల్లులకి కూడా మొహం మొత్తి, సుధామణి గిన్నెతో బయటికొస్తే గోడ దూకి పారిపోతున్నాయి.

చిత్రమేమిటంటే, సుధామణి వాసనలకి జడిసే పిల్ల కాదు. ఎండుచేపలమ్మే ఇంట పుట్టింది. చిన్నప్పుడు తల్లి పక్కన ఎండు మెత్తళ్ళ గంప ఒళ్ళో పెట్టుకుని బస్సులో పోతుంటే, కైకలూరు స్టాండులో ఎక్కిన పిల్లి ఒకటి గుడివాడలో వీళ్ళతోపాటు దిగి, మళ్ళీ వీళ్ళతోపాటే తిరుగు బస్సెక్కిందట. స్కూల్లో పిల్లలు ముక్కు మూసుకుంటే, "మీకు ఆకలేస్తోంది, అందుకే" అనేదట. అలాంటి పిల్ల ఈ ఇంట్లో ఆర్నెల్లుగా పొద్దునపూట వాంతి ఆపుకోవడానికి పళ్ళ మధ్య లవంగం పెట్టుకుంటోంది. మొదట్లో ఒకసారి ఆపుకోలేకపోతే, ఆ వాంతి చూసి పెద్దింట్లమ్మ సంబరపడిపోయి ఊరంతా చెప్పేసింది కూడా. తర్వాత ఊరంతటికీ కాదని చెప్పుకోలేక చచ్చింది. ఆ కోపం ఇంకా కోడలి మీదే ఉంది.

బాత్రూంలో నీళ్ళ చప్పుడు. మధ్యలో ఒక త్రేన్పు. గోడలు దాటి వచ్చింది, దాని వెనకే దాని వాసనా వచ్చింది.

ఇక్కడొక సంగతి చెప్పేస్తే నా ప్రాణం హాయిగా ఉంటుంది. మొదట్లో నా ముక్కు గురించి కోసిన కోతలున్నాయే, అవి మర్చిపోండి. నస్యం పీల్చి పీల్చి నా ముక్కు ఏనాడో మూతపడ్డ సినిమా హాలైపోయింది. మా ఇంట్లో పాలు మాడితే పక్కింటావిడ అరిచి చెబుతుంది. ఆ కండక్టరు దణ్ణం పెట్టింది కూడా ఇక దిగమని. ఈ వాసనలన్నీ సుధామణి ముక్కువి. నేను అరువు తెచ్చుకుని రాస్తున్నాను.

అప్పుడు కోటి ఫోను మోగింది. డైనింగ్ టేబుల్ మీద, పౌడరు డబ్బా పక్కన. పెద్దింట్లమ్మ తడిచేత్తోనే ఎత్తింది.

"అలో... ఎవురూ?... కోటి నీళ్ళు పోసుకుంటన్నాడు బాబూ, నేను వాళ్ళమ్మని... ఏందీ?... మూడోదా?... ఆహా... ఆహా... సరే, చెబుతాలే."

ఫోను పెట్టేసి కోడలి వైపు తిరిగింది.

"నీ మొగుడికి బుద్ధుందంటావే? సైకిలు కొంటన్నాడంట. అదీ మూడోదంట! ముందు రెండూ ఏవయ్యాయే? మెట్ల కింద పెట్టుంటారు, ఎవడో ఎత్తుకుపోయుంటాడు."

"సైకిలా? ఎవరత్తా ఫోను?"

"జిమ్ము సొలొమోనంట. 'మూడో సైకిల్‌కి సరుకొచ్చిందమ్మా, మధ్యలో గ్యాపిస్తే ఒళ్ళంతా దిగిపోద్ది, ఇవాళే మొదలెట్టమనండి' అన్నాడు. సైకిలు తొక్కితే ఒళ్ళు దిగుద్ది. తొక్కకపోతే దిగేదేందే? వాడికేవన్నా మతి పోయిందా?"

సుధామణి చేతిలో గరిటె అలాగే ఆగిపోయింది.

డాక్టరమ్మ గది గుర్తొచ్చింది. ఏసీ చల్లదనం, గోడ మీద నవ్వుతున్న చంటిపిల్లల బొమ్మలు. "మీ సైకిల్ రెగ్యులర్‌గా వస్తోందామ్మా?" అని అడిగింది డాక్టరమ్మ. ఆ మాటకి అర్థం సుధామణికి తెలుసు, సిగ్గుపడకుండానే చెప్పింది. పక్కన ఫోను చూసుకుంటున్న కోటి వైపు తల ఊపి, "మీవారు జిమ్‌కి వెళ్తారా?" అంది. వెళ్తారండీ. "సైకిల్స్ ఏవైనా చేశారా?"

అప్పుడు సుధామణి నవ్వింది. కాస్త గర్వంగా కూడా నవ్వింది. "సైకిలెక్కడండీ, ఆయనకి బుల్లెట్ ఉంది" అంది.

డాక్టరమ్మకి అప్పుడే ఇంకో ఫోనొచ్చింది. లేదనుకుని టిక్కు పెట్టేసి పేజీ తిప్పింది. ఆ పేజీ తిప్పాకే సుధామణి చేతిలోంచి రక్తాలు తీశారు, కడుపులోకి మందు ఎక్కించి ఫోటోలు తీశారు. అది ఎక్కించినప్పుడు ఆవిడ బల్ల అంచు పట్టుకుని పళ్ళు కొరుక్కుంది. రేపు మత్తిచ్చి పొట్టకి చిల్లు పెట్టబోతున్నారు.

ఒక్క మాటకి అర్థం తెలియక.

బాత్రూం తలుపు తెరుచుకుంది. కోటి పక్కకి తిరిగి బయటికొచ్చాడు. ఆ తలుపులోంచి నేరుగా వచ్చినా పడతాడు. కానీ పట్టనని చూపించుకోవడం అతనికి అలవాటైపోయింది. నడుముకి తువ్వాలు. పైన వార్నిషు కొట్టినట్టు మెరిసే భుజాలు, గుమ్మడికాయల్లాంటి చేతులు. వెనక్కి తిరిగితే మాత్రం వీపంతా ఎర్రటి కురుపులు, కొన్నింటి నెత్తిన తెల్లగా చీము. రోజూ రాత్రి వాటికి మందు రాసే పని సుధామణిది. మొదట్లో ఆ వీపు మీద చెంప ఆనించి పడుకునేది. ఇప్పుడు చిటికెనవేలి చివరతో రాస్తుంది.

"ఏవండీ" అంది సుధామణి. "సైకిల్ అంటే ఏంటి?"

కోటి తల తుడుచుకుంటున్నవాడు ఆగాడు. ఫోను వైపు చూశాడు. తల్లి వైపు చూశాడు.

"ఏం లేదు. జిమ్‌లో ఉంటది. నిలబడ్డచోటే తొక్కేది."

"దానికి సరుకేంటి?"

"అబ్బా, పొద్దున్నే ఏంటి సుధా ఈ గోల! అమ్మా, ఏం వండుతున్నావే?"

"నిన్నే అడుగుతున్నా."

పెళ్ళై నాలుగేళ్ళలో సుధామణి మొగుణ్ణి 'నువ్వు' అనడం అదే మొదటిసారి. పెద్దింట్లమ్మ బకెట్లోంచి కొరమేనుని పట్టుకోబోయి, అది జారిపోయినా చూసుకోలేదు.

"డాక్టరమ్మ నన్నడిగింది, నీ మొగుడు సైకిల్స్ చేశాడా అని. నేను బుల్లెట్టుందని చెప్పొచ్చా. నీ పక్కన కూర్చునే చెప్పా. నీకు తెలుసు ఆవిడ అడిగిందేంటో. నువ్వు ఫోను చూసుకుంటూ కూర్చున్నావు!"

కోటి మొహం మీద నవ్వు పుట్టబోయి చచ్చిపోయింది.

"ఇంజెక్షన్లు" అన్నాడు చివరికి. "కోర్సులా ఉంటాయి. కొన్నాళ్ళు చేస్తారు, కొన్నాళ్ళు ఆపుతారు. దాన్ని సైకిల్ అంటారు. అందరూ చేసేదే."

"ఎక్కడ చేసుకుంటావు?"

"సొలొమోను అన్న చేస్తాడు. తుంటికి."

"దోమ కుట్టిందన్నావు. తుంటి గడ్డకట్టి వాచిపోతే నేను ఉప్పు కాపడం పెట్టా. దోమ కుట్టిందన్నావు!"

"ఏ దోమరా అది, కొల్లేట్లో కూడా అంత దోమ లేదు" అంది పెద్దింట్లమ్మ. ఆవిడకి అసలు సంగతి ఇంకా ఎక్కలేదు. కొడుకు సూదులు పొడిపించుకుంటున్నాడంటే ఏదో పెద్ద జబ్బనుకుని, దగ్గరికొచ్చి అతని జబ్బ పట్టుకుని నొక్కింది. నొక్కి, మొహం అదోలా పెట్టింది. ఆవిడ వయసులో ఉండగా రొయ్యల షెడ్డులో తలలు వలిచిన మనిషి.

"లూజ్ షెల్లురా నువ్వు" అంది. "పైన డిప్ప గట్టిగుంది, లోపల కండ మెత్తబడింది."

ఆ మాటకి కోటి చెయ్యి విదిలించుకున్నాడు. చెంపదెబ్బ తిన్నవాడిలా ఎర్రబడ్డాడు. చెరువులోళ్ళకి ఆ మాట ఎంత చెడ్డదో చెప్పాలి మీకు. రొయ్య పైకి పెద్దగా, మెరుస్తూ ఉంటుంది. వేళ్ళ మధ్య పెట్టి నొక్కితే లోపల నీళ్ళు. కొనేవాడు ఆ రొయ్యని పక్కకి విసిరేస్తాడు. కోటి రోజూ రైతులకి ఆ మాట చెప్పి భయపెట్టే తన పొడులమ్ముతాడు. ఆ మాట తన మీదికే వచ్చిపడుతుందని ఏనాడూ అనుకోలేదు.

"అలా అనకే అమ్మా" అన్నాడు. గొంతు చిన్నపిల్లాడిదైపోయింది. "అందుకే కదా ఇవాళ మొదలెట్టాలి. గ్యాప్ వచ్చింది. ఆస్పత్రి గోలలో నెలన్నరైంది."

"ఆపితే ఏమవుద్ది?" అంది సుధామణి.

"పోద్ది."

"ఏది?"

"ఇదంతా." రెండు చేతులూ చూపించాడు. "మొదటి సైకిలయ్యాక ఆపేశాను సుధా, నీ మీదొట్టు. ఇంక చాలనుకున్నా. ఒళ్ళొచ్చింది కదా, ఉంటదనుకున్నా. రోజూ బరువులెత్తాను, గుడ్లు తిన్నాను, పౌడరు మానలేదు. అయినా చొక్కా చేతులు వదులైపోయాయి. అద్దంలో చూసుకుంటుంటే రోజుకింత ఎవరో చెక్కేస్తున్నట్టుండేది. దసరాకి మనూళ్ళో, గుర్తుందా, మా బాబాయి కొడుకులు ఏమన్నారు? 'మెత్తళ్ళోడు మళ్ళీ వచ్చాడ్రా' అన్నారు. మర్నాడే సొలొమోను దగ్గరికి పోయా."

చిన్నప్పటి పేరు అది. స్కూల్లో, చెరువు గట్టు మీద, పేకాటలో, ఆఖరికి పెళ్ళిపందిట్లో కూడా కోటిని మెత్తళ్ళోడనే పిలిచేవాళ్ళు. వేలెడంత, సన్నగా, ముల్లు కూడా నమిలేసేంత మెత్తటి చేప మెత్తడు.

"నేను చేసుకుంది ఆ మెత్తళ్ళోణ్ణే" అంది సుధామణి. "ఈ మనిషిని కాదు. ఈ మనిషిని నేనెప్పుడూ చూసుకోలేదు. వీడి వీపుకి మందు రాస్తున్నానంతే."

కోటి నోరు తెరిచాడు. మాట రాలేదు, త్రేన్పొచ్చింది. కోడిమాంసం గుజ్జు వాసన గదంతా నిండింది. సుధామణి కిటికీ దగ్గరికి పోయి, రెక్కలు తెరిచి ఊపిరి పీల్చుకుని, తిరిగొచ్చి ఫోనందుకుంది.

"ఏం చేస్తున్నావు? ఇటివ్వు!"

"సొలొమోను గారూ, కోటి గారి మిసెస్‌ని. సైకిల్‌కి సరుకొచ్చిందన్నారంట కదా. కాస్త పైకి తెచ్చివ్వండి, ఆయన తయారుగానే ఉన్నారు."

కోటి ఫోను లాక్కోబోయాడు. పెద్దింట్లమ్మ అడ్డం పడి, చేపజిగురు చేతుల్తో కొడుకు ముంజేతులు పట్టుకుంది. అన్ని కండలూ పెట్టుకుని తల్లి చేతుల్లోంచి విడిపించుకోలేక నిలబడ్డాడు. విడిపించుకోలేక కాదు, విడిపించుకోదలచలేదని కోటి తర్వాత చెప్పుకున్నాడట. చెప్పుకోనివ్వండి.

జిమ్ము మెట్ల కిందనే. సొలొమోను రావడానికి ఎంతోసేపు పట్టలేదు. కానీ వచ్చేసరికి గుమ్మంలో గోడ పట్టుకుని ఆయాసపడ్డాడు. యాభై దాటని మనిషి. జిమ్ము బోర్డు మీద ఆయన పాత ఫోటో ఉంటుంది, ఒంటికి నూనె రాసుకుని, మెడలో పతకం, కొండరాయిలా. ఆ ఫోటో కిందనుంచే రోజూ కుర్రాళ్ళు లోపలికి పోతారు. గుమ్మంలో ఉన్న మనిషి మాత్రం, విజయవాడ మే నెలలో, మణికట్టు దాకా గుండీలు పెట్టుకున్న పొడుగు చేతుల చొక్కా, దాని లోపల ఇంకో మందపాటి బనీను వేసుకుని, చెమటకి ముద్దయిపోయి ఉన్నాడు.

"సిస్టర్, మంచినీళ్ళిప్పిస్తారా?" అన్నాడు.

సుధామణి ఇచ్చింది. తాగేదాకా ఆగింది.

"సొలొమోను గారూ, మీరు సైకిళ్ళు చేశారా?"

ఆయన కోటి వైపు చూశాడు. కోటి గోడ వైపు చూశాడు.

"చేశాను సిస్టర్. మా రోజుల్లో తెలియక చాలా చేశాను."

"ఇప్పుడు?"

"ఆపేశా. గుండె దగ్గర తేడా వస్తే డాక్టరు ఆపించాడు. నాలుగేళ్ళయింది."

"ఆపితే ఉంటదా, పోద్దా? మా ఆయనకి చెప్పండి. నాకూ చెప్పండి."

సొలొమోను గ్లాసు బల్ల మీద పెట్టాడు. ఆ మాత్రం ప్రశ్న ఆయన్ని ఎవరూ అడిగినట్టు లేదు. అడగాల్సినవాళ్ళంతా బోర్డు మీద ఫోటో చూసుకుని లోపలికి పోయినవాళ్ళే.

"ఆ డబ్బాలో పౌడరుంది చూశారా, అది ఒట్టి తిండి సిస్టర్. పాల విరుగుడు. అది మానేసి పప్పూ గుడ్డూ తిని బరువులెత్తుతుంటే, కష్టపడి తెచ్చుకున్నది చాలావరకు ఉంటది. ఎత్తడం మానేస్తే మెల్లగా తగ్గుద్ది, మళ్ళీ మొదలెడితే తొందరగానే వస్తది. ఇంకో పొడి ఉంటది, కండలోకి నీళ్ళు పట్టిస్తది. ఆపితే ఆ నీళ్ళు పోతాయి, బరువు కాస్త దిగుద్ది, భయపడక్కర్లేదు. సూదిది మాత్రం..." అని ఆగాడు. "సూదిది మన సొంతం కాదు. మన ఒళ్ళు తయారుచేసుకోవాల్సిన మందు బయటినుంచి పోస్తాం. పోసేకొద్దీ ఒళ్ళు తన పని మానేస్తది. తర్వాత మనం పోయడం మానేస్తాం. అప్పుడు అక్కడా ఉండదు, ఇక్కడా ఉండదు."

"అంటే?"

సొలొమోను చొక్కా గుండీలు విప్పాడు. బనీను మెడ దాకా లాగాడు.

పెద్దింట్లమ్మ "అయ్యో తల్లీ" అని మొహం తిప్పుకుంది.

ఒకప్పుడు కొండరాయిలా ఉన్న భుజాలనుంచి చర్మం, ఆరేసిన తడిబట్టలా వేలాడుతోంది. చంకల కింద మడతలు. మడతల్లో చెమటకాయలు పగిలి, పౌడరు ముద్దలు కట్టి, పుల్లటి వాసన. ఛాతీ మీద మాత్రం రెండు వైపులా కండ కాదు, కొవ్వు, బాలింత రొమ్ముల్లా దిగజారి ఉంది. ఒకవైపు కోసి కుట్టిన గాటు. రెండోవైపు కోయించుకోలేదట. సుధామణి చూపు తిప్పుకోలేదు. లవంగం నమిలి మింగేసింది.

"చివరికి ఉండేది ఇదీ సిస్టర్" అన్నాడు సొలొమోను. "మెడల్ కూడా ఉంది. ఎక్కడో పెట్టా."

"పిల్లలు?"

ఆయన గుండీలు పెట్టుకోవడం మొదలెట్టాడు.

"లేరు. మా ఆవిడ అమలమ్మ ఏటేటా మోకాళ్ళ మీద కొండెక్కి మేరీమాతకి కొవ్వొత్తి పెట్టేది. మోకాళ్ళు పుళ్ళుపడేవి. మా అమ్మా, మా అక్కలూ దాన్నే అనేవాళ్ళు. లోపం నాదని, ఆ సూదులదని నాకు తెలుసు. నాకొక్కడికే తెలుసు. నేను చెప్పలేదు సిస్టర్. ఇంత ఛాతీ పెట్టుకుని ఎలా చెప్పేది?"

బకెట్లో కొరమేను తోక కొట్టుకుంది. పెద్దింట్లమ్మ లేచివెళ్ళి, సుధామణి తెరిచిన కిటికీ రెక్కలు రెండూ దగ్గరికి వేసింది. పక్కింటి టీవీ పాట లోపలికి రావడం ఆగిపోయింది.

"ఇంత తెలిసీ మా ఆయనకి ఎలా పొడిచారండీ?" అంది సుధామణి.

సొలొమోను సిగ్గుపడలేదు. అదే ఆవిడకి అన్నిటికంటే రోత పుట్టించింది. ఎవరో బస్సు టైము అడిగితే చెప్పినంత మామూలుగా చెప్పాడు.

"నా ఒళ్ళు పోయింది సిస్టర్. ఇంక దీన్ని చూసి జిమ్ముకి ఎవడొస్తాడు? మీ ఆయన ఒళ్ళుంది. పామర్రు ఫ్లెక్సీ చూసి ఎంతమంది వచ్చారో తెలుసా? వాళ్ళకి ఒక ఒళ్ళు చూపించాలి కదా. ఇదయ్యాక ఇంకోటి దొరుకుద్ది."

ఎండుచేపల పిల్ల సింకు దగ్గరికి పోయి, ఆర్నెల్లుగా ఆపుకున్న వాంతి అప్పుడు చేసుకుంది. నోరు కడుక్కుని, పైట చెంగుతో తుడుచుకుని, మొగుడి ముందుకొచ్చి నిలబడింది.

"ఇప్పుడు చెప్పు. రేపు నేను బల్లెక్కాలా? ఇవాళ నువ్వు పరీక్షకి వస్తావా?"

కోటి లోపలికి పోయి పాత చొక్కా తొడుక్కున్నాడు. బుల్లెట్ తాళాలు తీసుకుని, "పద, లాబ్ తెరిచే టైమైంది" అని పెళ్ళాం చెయ్యి పట్టుకుని మెట్లు దిగాడు.

ఇదుగో, ఈ ముక్క నేను కల్పించింది. గుడివాడ దాకా వచ్చిన పిల్లి నిజం, దాన్ని చూసినవాళ్ళున్నారు. మిగతాదంతా సుధామణి చెప్పిందే, నేను కాస్త ఉప్పేశానంతే. కోటి చొక్కా తొడుక్కుని మెట్లు దిగడం ఒక్కటి మాత్రం నాది. కళ్ళముందు ఆ ఒళ్ళు చూశాక ఎవడైనా అలాగే చేస్తాడని నేననుకున్నాను. అసలు జరిగింది రాయబోతే చెయ్యి వెనక్కి లాగింది.

అసలు జరిగింది ఇది. కోటి సొలొమోను చొక్కా వైపు చాలాసేపు చూశాడు. తర్వాత తన జబ్బ తానే పట్టుకుని, ఇందాక తల్లి నొక్కిన చోటే నొక్కుకున్నాడు. ఇంకోసారి నొక్కుకున్నాడు.

"సరుకు తెచ్చావా అన్నా?" అన్నాడు.

సొలొమోను చెయ్యి ప్యాంటు జేబులోకి పోయింది.

వీధి తలుపు గడియ పడింది. పెద్దింట్లమ్మ తలుపుకి వీపానించి నిలబడి, కొడుకుని కాదు, కోడల్ని చూస్తోంది. ఇందాకటి వెక్కిరింత ఆ మొహంలో ఎక్కడా లేదు.

"ఈ గదిలో విన్నది ఈ గదిలోనే ఉండాలమ్మా" అంది మెల్లగా. "రేపు నువ్వు ఆపరేషనుకి వస్తన్నావు."